మట్టిపిట్ట వంతు

ఆ మ్యూజియంలో ఏ గదికెళ్లినా "ముట్టుకోరాదు" అన్న బోర్డు ఎదురొస్తుంది. కింది అంతస్తు చివరి గదిలో మాత్రం ముట్టుకోకపోతేనే తప్పు. నేలంతా మెత్తటి పరుపులు పరిచి, పాత తాళాలు, కొయ్యబొమ్మలు, సొట్టలు పడ్డ చెంబులు పిల్లల ఒళ్లో పోస్తుంది అక్కడి పంతులమ్మ. ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాని బుడతలకు ఆవిడ పాఠమంటూ ఏమీ చెప్పదు. "నన్ను కాదర్రా, దాన్ని అడగండి, అడగండి" అంటుంది. అందుకే పిల్లలు ఆవిడకు అడగండత్తయ్య అని పేరు పెట్టేశారు. మ్యూజియం నడిపే పెద్దసారే అలా పిలుస్తుంటే, ఇక అసలు పేరుతో మనకేం పని?

ఆ గదిలో ఆట ఒక్కటే. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, వస్తువులున్న మూట చేతులు మారుతుంది. వంతు వచ్చినవాళ్లు మూటలో చెయ్యి పెట్టి, తగిలినదాన్ని ఒళ్లో పెట్టుకుని, తామే ఆ వస్తువైపోయి మాట్లాడాలి. నిన్నెవరు చేశారు? ఎవరింట్లో ఉండేదానివి? ఈ దెబ్బ ఎలా తగిలింది? తెలియకపోతే "గుర్తులేదు" అనొచ్చు. అప్పుడు వస్తువు పక్కవాళ్ల ఒళ్లోకి పోతుంది, జవాబు వాళ్లు చెప్పాలి. అబద్ధం మాత్రం కూడదు. మనుషులు అబద్ధమాడతారు గానీ వస్తువులు ఆడవని అత్తయ్య పెట్టిన నియమం. గుమ్మం దాటిన పెద్దవాళ్లకీ వంతు తప్పదు. పెద్దసారు ఒకసారి గరిటె అయిపోయి "నన్ను మాడ్చేశారర్రా" అని దొంగ ఏడుపు ఏడిస్తే, చాలా రోజులు ఆయన గరిటె తాతయ్యగానే చలామణీ అయ్యాడు.

అత్తయ్య తోటికోడలిదీ అక్కడే ఉద్యోగం. పై అంతస్తులో అద్దాల బీరువాల తాళాలన్నీ ఆవిడ దగ్గరే. ఇంట్లో ఆవిడది పైవాటా, అత్తయ్యది కిందివాటా. మరిది పెళ్లాం ఆటలాడి జీతం తీసుకుంటుందని ఆవిడకు మొదటినుంచీ గుర్రుగానే ఉండేది.

కిందటేడు సెలవుల్లో అత్తయ్య తన ఐదేళ్ల కూతుర్ని వెంట తెచ్చుకుంది. చిన్నది పెద్దమ్మ దగ్గరికని పైకి వెళ్లింది. కాసేపటికి ఏదో పగిలిన చప్పుడు. అత్తయ్య పరుగెత్తుకెళ్లేసరికి, ఊదితే కూసే మట్టిపిట్ట నేలమీద మూడు ముక్కలై ఉంది.

"దుమ్ము తుడుద్దామని బయటికి తీశానండీ," అంటోంది తోటికోడలు పెద్దసారుతో, వచ్చిన జనమంతా వినేలా. "ఈ పిల్ల లాక్కుని పడేసింది. కనబడిందల్లా ముట్టుకోమని కింద గదిలో నేర్పుతున్నారుగా మరి!"

ఆ గది మూసెయ్యాలని సణిగేవాళ్లు అప్పటికే ఇద్దరు ముగ్గురున్నారు. అత్తయ్యకు కళ్ల ముందు గదికి తాళం పడ్డట్టే అనిపించింది. కూతుర్ని దగ్గరికి లాగి, రెండు చేతులమీదా ఫెడీఫెడీమని కొట్టింది. చిన్నది ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది.

గది నిలబడింది. చిన్నదాని చేతులే పోయాయి. ఆనాటినుంచి రెండు చేతులూ వెనక్కి కట్టుకునే తిరుగుతోంది. కింది గదికి వచ్చినా గోడకు ఆనుకుని కూర్చుంటుంది, మూట తన దాకా వస్తే తల అడ్డంగా ఊపుతుంది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తీసుకోవాలన్నా "అమ్మా, ముట్టుకోనా?" అని అడుగుతుంది.

ఏడాది తిరక్కుండానే పై అంతస్తు తుడిచే ఆయమ్మ పని మానేసింది. వెళ్తూ వెళ్తూ అత్తయ్యను మెట్ల కింద ఆపింది.

"ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని చచ్చానమ్మా. ఆ పిట్టని మీ పాప ముట్టుకోనేలేదు. ఎలా కూస్తుందో చూద్దామని మీ అక్కగారే నోటి దగ్గర పెట్టుకున్నారు. జారిపోయింది. పాప అల్లంత దూరాన ఉంది."

"అప్పుడే చెప్పలేదేం?"

"ఆవిడ కింద పని చేసేదాన్ని. నోరు తెరిస్తే నా పొట్టకెవరు పెడతారమ్మా?"

అత్తయ్యకు ఒళ్లంతా భగ్గుమంది. అప్పటికప్పుడు పైకెళ్లి జుట్టు పట్టుకుందామా అనుకుంది. కానీ నలుగురిలో వేసిన నింద నలుగురిలోనే కడగాలి. ఆవిడ ఆ పగను పాలిచ్చి పెంచింది. మెట్లమీద తోటికోడలు ఎదురైతే "టిఫినయిందా అక్కా?" అని నవ్వుతూనే పలకరించింది. పెద్దసారును అడిగి అతికించిన పిట్టను తన గదికి తెచ్చుకుంది. పిల్లల తల్లిదండ్రులు వచ్చి చూసే రోజు రాగానే ఆయమ్మనూ పిలిచింది, తోటికోడల్నీ పిలిచింది. ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి, ఆయమ్మకు ఇవతల తను కూర్చుంది. మూట తోటికోడలి దాకా వచ్చేసరికి ఖాళీ అయ్యేలా లెక్క చూసుకుని, అప్పుడు అందులో పిట్టను పెట్టింది. ఇంత కసి ఉన్న మనిషేనా పొద్దస్తమానం పిల్లలతో ఆడేది అనుకుంటారేమో. కసికి ఓపిక కావాలి, పిల్లల్ని ఆడించేవాళ్లకున్నంత ఓపిక ఇంకెవరికుంటుంది?

తోటికోడలు మూటలో చెయ్యి పెట్టింది. బయటికి తీసి చూసేసరికి ఆవిడకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

"పిట్టా పిట్టా, నీకీ అతుకులేంటి?" అడిగాడు పళ్లూడిన బుడతడు.

"పడ్డాను."

"ఎవరు పడేశారు?"

"ఒక... చిన్నపిల్ల..."

పక్కన ఆయమ్మ గొంతు సవరించుకుంది, అంతే. తోటికోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"గుర్తులేదు," అంది గబగబా.

"గుర్తులేకపోతే ఆయమ్మకిచ్చెయ్యాలి!" అని పిల్లలంతా ఒకటే గోల. ఆయమ్మ చెయ్యి చాపింది. తోటికోడలు పిట్టను గట్టిగా పట్టుకుంది. ఇస్తే ఒక తంటా, ఇవ్వకపోతే ఇంకో తంటా. అత్తయ్య చూస్తూ కూర్చుంది. ఆ చూపులో జాలి కాస్తయినా లేదు.

"నా చేతిలోంచే జారింది," అంది చివరికి తోటికోడలు.

"పిట్టకి చేతులెక్కడివి!" అని పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్లెవరూ నవ్వలేదు. పెద్దసారు లేచి చెయ్యి చాపాడు. తోటికోడలు తాళాల గుత్తి తీసి ఆ చేతిలో పెట్టింది.

"చల్లబడ్డావా? నీ కడుపు నిండిందా?" అంది అత్తయ్యతో, ఏడుస్తూ.

"నిండిందక్కా," అంది అత్తయ్య. అబద్ధమేం కాదు, నిజంగానే నిండింది. అంత హాయి ఈమధ్యకాలంలో ఎరగదు.

అప్పుడు గోడ దగ్గర్నుంచి చిన్నది లేచి వచ్చింది. వెనక కట్టుకున్న చేతులు విప్పింది. పెద్దమ్మ ఒళ్లోంచి పిట్టను రెండు చేతులా పదిలంగా తీసింది. అత్తయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పగ ఊరికే పోలేదు, బిడ్డ చేతులు బిడ్డకొచ్చేశాయి.

చిన్నది పిట్టను తీసుకొచ్చి తల్లి ఒళ్లో పెట్టి, ఎదురుగా చతికిలబడింది.

"ఇప్పుడు నీ వంతు. పిట్టా పిట్టా, ఆరోజు ఆ పాపనెవరు కొట్టారు?"

గదిలో పిల్లలంతా జవాబు కోసం చూస్తున్నారు. గుర్తులేదందామంటే, పక్కన కూర్చున్నది మళ్లీ ఆయమ్మే.

"వాళ్లమ్మ," అంది పిట్ట.

"పాపని అడిగిందా?"

"లేదు."

"అందర్నీ అడగండి అడగండి అంటుందిగా. పాపని ఎందుకడగలేదు?"

పిట్ట తల దించుకుంది. చిన్నది మాత్రం కదల్లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.