కనీసం ఒక గాయం

ఇనుము తొడుక్కున్నవాడికి దెబ్బే తగలదా, లేక తగిలినా గాయం తగ్గుతుందా? ఈ ప్రశ్న మీద ముగ్గురు పెద్దవాళ్లం నెలల తరబడి పోట్లాడుకున్నామంటే నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ముహూర్తం అబద్ధమని, తాయెత్తు ఒట్టి దారం ముక్కేనని వేదికలెక్కి అరిచినప్పుడూ నన్ను చూసి నవ్వారు. నాకు అలవాటే.

ప్రతి నెలా రెండో ఆదివారం జనగామలో మా ఇంట్లో ఆట. బల్ల మీద కాగితాలు, ఇరవై ముఖాల పాచిక, మేము కల్పించుకున్న ఒక రాజ్యం. కథ నేను నడుపుతాను, శత్రువులందరి తరఫునా పాచిక వేస్తాను. మిగతా ఇద్దరూ తలా ఒక పాత్రగా ఆ రాజ్యంలో తిరుగుతారు. డోర్నకల్ నుంచి పొద్దుటి రైలుకు వచ్చే రైల్వే ఉద్యోగి అన్నది తోలు కవచం తొడిగిన విలుకాడి పాత్ర. రేగొండ దగ్గర పంచాయతీ కార్యదర్శిగా పనిచేసే అక్క హన్మకొండలో బస్సు మారి వస్తుంది. ఆమెది ఉక్కు కవచం తొడిగిన యోధురాలు. నాలుగేళ్లుగా అదే యోధురాలు.

"నల్లా రాకుంటే నన్నే తిడ్తరు, కుక్క కరిస్తె నన్నే తిడ్తరు, పైనుంచి సార్లు ఫోన్ల తిడ్తరు," అనేది అక్క. "నెలకొక్క దినమన్న నాకేం తగలొద్దు తమ్మీ."

నిజంగానే ఏమీ తగిలేది కాదు. పాత నియమం ప్రకారం శత్రువు పాచిక మన కవచం విలువను అందుకుంటేనే దెబ్బ. తోలు కవచానికి పన్నెండు. ఉక్కుకు, డాలుతో కలిపి, ఇరవై. అంటే ఇరవై కత్తులు లేస్తే అక్కకు ఒకటి తగిలేది, అన్నకు తొమ్మిది. ప్రతి పోరులోనూ విలుకాడు నేలమీద పడేవాడు, అక్క వచ్చి వాడి ముందు నిలబడేది.

"పొద్దుగాల లేసి రైలెక్కి వచ్చేది గిట్ల పండుకోనీకేనా సారూ?" అన్నాడు అన్న ఒకనాడు. "పండుకోనీకి మా ఇంట్ల మంచం లేదా? గిట్లయితె నేను రాను."

ఆయన కోపం న్యాయమే. అసమానతను చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. దేవరుప్పుల బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. వారం రోజులు కూర్చుని కొత్త నియమం రాశాను. ఇకమీదట కవచం దెబ్బను ఆపదు, గాయాన్ని తగ్గిస్తుంది. తొమ్మిదికి పైన పడితే ఎవరికైనా దెబ్బ తగులుతుంది. ఆ గాయం అంకెలోంచి తోలు రెండు తీసేస్తుంది, ఉక్కు ఐదు తీసేస్తుంది. ఎంత తీసేసినా కనీసం ఒక గాయం మిగలాలి, ఎందుకంటే సంపూర్ణ రక్షణ ఎవరికీ ఉండకూడదు. ఆ చివరి వాక్యం కింద గర్వంగా గీత కూడా గీశాను.

మా బల్ల దగ్గర ఒక ఆచారం ఉంది. నా చర్చావేదికల రోజుల నుంచి నేను తెచ్చిందే. ప్రతిపాదనను వ్యతిరేకించేవాళ్లు ముందుగా దాని తరఫున మాట్లాడాలి, అవతలివాళ్లు "అవును, మా మాట ఇదే" అని ఒప్పుకునేంత బాగా. ఆ తర్వాతే వ్యతిరేకించాలి. ఆపైన ఓటు. ఓటు పడ్డాక ఆ రోజు ఇక మార్పు లేదు.

వ్యతిరేకించింది అక్క. కాబట్టి ముందు ఆమే సమర్థించింది.

"అన్న నాలుగేండ్ల సంది దెబ్బలు తింటుండు. నేను ఒక్కటి తాకకుండ ముంగట నిలబడి షాబాష్ అనిపించుకుంటున్న. తాకనోళ్లకు ధైర్యమెందుకు? గా ధైర్యం నాది గాదు, ఇనుముది."

అంతకంటే బాగా నేనూ చెప్పలేకపోయేవాణ్ని. అన్న తల దించుకున్నాడు.

"ఇగ వద్దని ఎందుకంటున్ననంటే..." అని మొదలుపెట్టి అక్క ఆగిపోయింది. "నాకు గావాలె. గంతే. ఇంకేం లేదు."

అది వాదన కాదన్నాను. నేనే అన్నాను. ఓటు రెండుకు ఒకటి.

ఆ పూటే అమలు చేశాం. అక్కడ తప్పు చేశాను. ఆనాటి పోరుకు శత్రువులను ముందు వారమే పాత నియమాన్ని బట్టి రాసిపెట్టుకున్నాను: మోకాలెత్తు రాక్షసులు, చేతుల్లో చిన్న కత్తులు, మొత్తం నలభై మంది. కొత్త లెక్కకు సరిచూసుకోకుండానే రాక్షసుడికొకటి చొప్పున నలభై చింతగింజలు బల్ల మీద పోశాను. ఎప్పటిలాగే విలుకాడు పడ్డాడు. ఎప్పటిలాగే అక్క వాడి ముందు నిలబడింది. ఎనిమిది గింజలు ఆమె చుట్టూ చేరాయి. ఒకటి చస్తే వెనకనుంచి ఇంకొకటి. ఆ కత్తి గాయం నాలుగు దాటదు, ఉక్కు దాన్ని మొత్తం మింగేస్తుంది. అయినా ఒకటి మిగులుతుంది. ఆమె ప్రాణం ముప్పై, ఒక్కో గాయానికి ఒకటి తగ్గుతుంది. ఎనిమిదీ తలా ఒకసారి కొట్టే విడతకు నాలుగో ఐదో తగులుతున్నాయి. యోధురాలు మిగలదని రెండో విడతకే నాకు తెలిసిపోయింది.

మా బల్ల మీద పాచికను దాచి వేయడం లేదు, పడ్డ అంకె అందరికీ కనబడుతుంది. అద్భుతాలు జరగవని ఊరూరా చెప్పినవాణ్ని, ఒక్కటంటే ఒక్కటి చేయలేక కూర్చున్నాను.

"సారూ, పాతదే పెట్టు జర," అన్నాడు అన్న. "అడిగింది నేనే, వద్దంటున్నది నేనే. చెల్లె, నన్ను ఇడిసిపెట్టి ఉరుకు."

"ఇంత ఇనుము మోసుకొని ఏడికి ఉరుకుత?" అంది అక్క. "ఓటేసినంక ఓటే అన్నా. తమ్మీ, ఎయ్యి."

వేశాను. ఏడో విడతలో ఆమె తన కాగితం మీద మిగిలిన రెండును కొట్టేసి, పక్కన సున్నా రాసింది.

అక్క ఇప్పటికీ వస్తుంది, వాదిస్తుంది, నవ్విస్తుంది. కొత్త పాత్ర మాత్రం చేయడం లేదు. ఈ నెలలన్నీ నేను పట్టికలు రాస్తూనే ఉన్నాను. "కనీసం ఒకటి" తీసేస్తే చిన్న కత్తులు ఉక్కును మళ్లీ ఏమీ చేయలేవు. ఉంచితే గుంపు చంపేస్తుంది. గుంపులకు వేరే నియమం పెడితే, అది ఒక మనిషి కోసం రాసిన నియమమని రాసిన చేతికే తెలుస్తుంది.

మొన్నటి ఆదివారం ఉండబట్టలేక అడిగాను: "అక్కా, ఇంకో యోధురాలిని చేయరాదూ?"

"చేస్త. ఏది తొడిగితె తగలదో చెప్పు, గదే తొడుగుత."

అన్న నా వైపు చూశాడు. పట్టిక నా ముందే ఉంది. తోలు, గొలుసు, ఉక్కు, అన్నిటి పక్కనా అంకెలున్నాయి. వరుసలన్నీ పైనుంచి కిందికి చూశాను. అక్క ముగ్గురికీ చాయ్ పోసింది. అన్న ఒక్కడి కోసమే కథ మొదలుపెట్టాను.