చదరంగానికి ఏడు, నాకు ఒకటి

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఇంజన్ల మోతకి చెవులు మందగించాయంటాడు గానీ, నేను పిలిచినప్పుడే ఆ మందం ఎక్కువవుతుంది. నోట్లో నాలుక లేని మనిషి. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చేతుల గ్రీజు కడిగీ కడగకుండానే కంప్యూటర్ ముందు కూలబడతాడు. చదరంగం! అదీ ఎదురుబొదురు కూర్చుని ఆడేది కాదు. ఎక్కడో ఉన్న మనిషితో, ఒక్కో ఎత్తుకీ రోజుల తరబడి గడువు పెట్టుకుని ఇంటర్నెట్‌లో ఆడేది. ఆలోచించడానికి ప్రోగ్రాం సాయం తీసుకోవచ్చట, తప్పు కాదట. మరి మీరు ఆడేదేంటండీ అంటే నవ్వుతాడు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. నేను దాని మీదే ప్రెస్సుకి డీటీపీ చేస్తాను, పుస్తకాల పేజీలు తయారుచేసి పంపుతాను. దాని మెమరీ మొత్తం ఎనిమిది జీబీలు. అందులో చదరంగం ప్రోగ్రాంకి ఎంత ఇవ్వాలన్నదే మా ఇంట్లో పెద్ద పేచీ. లెక్కేసిన ఎత్తుల్ని అది ఆ మెమరీలో దాచుకుంటుందట, చూసిందే మళ్లీ చూడక్కర్లేకుండా. "ట్యాంకు నిండా పోస్తేనే కదా బండి దూరం పోయేది" అని ఈయన ఏడు జీబీలు దానికే ధారపోశాడు. కంప్యూటర్ బిగించి ఇచ్చిన మా తమ్ముడు మొత్తుకున్నాడు: "బావా, సగం మించి ఇవ్వకు. మిగతావాటికి ఊపిరాడొద్దూ?" వింటేగా!

ఆ ఆదివారం నా పీకల మీదకొచ్చింది. సాయంత్రానికల్లా పేజీలు అందకపోతే పని ఇంకొకరికిచ్చేస్తానని ప్రెస్సాయన పొద్దున్నే ఫోన్లో కసిరాడు. ఇక్కడ చూస్తే ఫైలు తెరుచుకోదు. మౌస్ ఇప్పుడు కదిపితే బాణం గుర్తు ఎప్పటికో కదులుతుంది. లోపల ఆ ప్రోగ్రాం నాలుగు రోజులుగా ఒకే ఎత్తు మీద ఎటూ తేలక బుర్ర బద్దలు కొట్టుకుంటోంది మరి. ఆ ఆట గెలిస్తే ఈయన ఆ పోటీల్లో పై తరగతికి వెళ్తాడు. ఆరేళ్లుగా ఆ గడప దగ్గరే ఆగిపోయాడు పాపం. ఆ ఎత్తుకి గడువు కూడా ఆ సాయంత్రమే.

"మీ గుర్రాలూ ఏనుగులూ నా నెత్తినెక్కి తొక్కుతున్నాయి! నాకంటూ ఇంత చోటు మిగల్చరా?" అని అరిచేశాను. అలిసిపోయాను, ఏం చెయ్యను?

రాత్రి డ్యూటీ చేసొచ్చాడేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామూలుగా అయితే 'ఇంకో గంటాగవే' అని బతిమాలేవాడు. ఆ రోజు అనలేదు. కాసేపు తెర వైపు చూసి, ప్రోగ్రాం ఆపి, ఏడు ఉన్న చోట ఒకటి కొట్టి, "ఇక చేసుకో" అని లేచాడు. కాస్త జరిగి చోటిచ్చాడు, అంతేగా అనుకున్నాను. ఆయన మూలనున్న చెక్క బోర్డు మీద పావులు పేర్చుకుని, గోడకి చేరగిలబడి వాటినే చూస్తూ ఉండిపోయాడు. నా పేజీలు వెళ్లిపోయాక వచ్చి, తనకి తోచిన ఎత్తేదో పంపాడు.

మర్నాడు తమ్ముడొచ్చాడు. తెర చూసి, "ఇది ఒకటికి తగ్గించిందెవరు?" అన్నాడు.

"మీ బావే. ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది."

"బుద్ధా, నా మొహమా! అక్కా, మధ్యలో ఆ అంకె మారిస్తే లోపల దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. నాలుగు రోజుల లెక్కా గోవిందా!"

"ఆయనకి తెలీదేమోరా."

"తెలీకపోవడమేంటి? పోయినేడాది ఇలాగే పోతే నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు."

వంటింట్లోకి వెళ్తే ఆయన టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే నువ్వు ఆగిపోయేదానివి. నీ పేజీలూ ఆగిపోయేవి."

"మరి ఆట?"

"పోయింది. పొద్దున్నే జవాబొచ్చింది. చూడగానే తెలిసిపోయింది, ఓడిపోయానని రాసి పంపేశాను." కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. ఆయన మాత్రం టీ ఊదుకుంటున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ప్రెస్సాయన. "మీ పేజీలు ఇంకా తెరవలేదమ్మా. తొందరేం లేదులే, ఆ పుస్తకం వచ్చే నెలకి వాయిదా పడింది."

ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. తిడితే ఈయనకి వినపడుతుంది. "సరేనండీ" అని పెట్టేశాను.

"ఏమంటాడు?" అన్నాడు ఆయన.

"పేజీలు సమయానికి అందాయట. లేకపోతే పని పోయేదేనట."

"హమ్మయ్య! అయితే దండగవలేదన్నమాట," అని గ్లాసు కడిగి బోర్లించి, డ్యూటీకి వెళ్లడానికి బూట్లు తొడుక్కున్నాడు.