దొర అడిగింది ఒక్క ఎద్దునే

దస్తూరి బాగుందని, యూనివర్సిటీ తవ్వకాలు చూసే తెల్లదొర నన్ను గుమాస్తాగా పెట్టుకున్నాడు. నా గ్రహచారం, రాత కంటే ఎముకలు ఏరడమే ఎక్కువైంది. దక్షిణాన మధుర చుట్టుపక్కల తవ్విన పాతకాలపు సమాధి కుండల్లో జంతువుల ఎముకలు దొరికేవి. ఏది దేనిదో పోల్చడానికి ఇప్పటి జంతువుల అస్థిపంజరాలు యూనివర్సిటీలో ఉండాలని దొర పట్టు. మేక, కుక్క, గాడిద అయ్యాయి. మాంసం ఊడి ఎముకలు తేలడానికి గాడిదను మా ఇంటి పెళ్లిళ్ల అండాలోనే ఉడికించానని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెల్లెలి పెళ్లికి అందులోనే పప్పు వండారు. బాగుందని అందరూ మళ్లీ వేయించుకున్నారు.

నెలాఖరులోగా ఎద్దు రాకపోతే నువ్వూ రావద్దన్నాడు దొర. మా అవ్వ, సేద్యపుటెద్దు చనిపోతే పసుపు కుంకుమ పెట్టి చేలోనే పూడ్పించేది. అవ్వ ఊళ్లో లేని రోజు చూసి తవ్వి, మట్టితో సహా గోతాలకెత్తాను. దొంగపనే, ఒప్పుకుంటున్నాను.

యూనివర్సిటీ వరండాలో కుమ్మరిస్తే రెండు తలలు! నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఒక కాడికి కట్టిన జోడిని మావాళ్లు చచ్చాక కూడా విడదీయరు, ఒకే గోతిలో పూడుస్తారు. ఆ సంగతే మరిచాను. ఒక తల గోతంలో దాచేసి, మూడు రోజులు కుస్తీపట్టి ఒక ఎద్దును నిలబెట్టాను. అది నాలుగు దిక్కులకూ ఒకేసారి బయలుదేరేట్టుంది. దొర దాని చుట్టూ తిరిగి, రేపట్నుంచి రావద్దన్నాడు.

ఇంతలో ఖాళీ గొయ్యి చూసి, అది నా పనేనని ఊళ్లో విన్న అవ్వ బండి కట్టించుకొని ఆ వరండాలోనే దిగింది. నన్ను తిట్టలేదు. ఎముకల ముందు కూలబడి ఏడ్చింది. తర్వాత నా ఎద్దును ఊడదీసి, గోతంలో దాచిన తలను కూడా బయటికి తీయించి, ఒక్కో ఎముకా తడిమి వేరుచేసింది. విరిగి అతుక్కున్న ఈ కాలు ఎడమ పక్క కట్టే దాపటిదట. అరిగిన ఈ మెడ ఎముక కుడి పక్క వలపటిదట, బరువంతా అదే లాగేదట. నేను ఇంగ్లీషులో చెబుతుంటే దొర నోరు తెరుచుకొని రాసుకున్నాడు.

సాయంత్రానికి రెండెద్దులు తేలాయి. ఒకటి ఇక్కడుంచి, ఒకటి ఓడలో తమ దేశానికి, సీమకు పంపుతానన్నాడు దొర. అవ్వకు చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

"ఇద్దరూ ఒక కాడి కింద పెరిగినారు దొరా. నువ్వు ఒకర్ని పిలుచుకోని పోతే, నేను ఇద్దర్నీ ఇంటికి పిలుచుకోని పోతాను."

దొర తలవంచాడు. రెండెద్దులూ అక్కడే జోడీగా ఉండిపోయాయి. నా ఉద్యోగమూ నిలిచింది. అవ్వ నాకు మాత్రం శిక్ష వేసింది. రోజూ పొద్దున ఆ రెండు వీపులూ నిమిరాకే కలం పట్టాలని. ఉన్నన్నాళ్లూ నిమిరాను. ఎవరూ చూడటం లేదనుకొని దొర కూడా నిమిరేవాడు.