దీవెన అడిగిన దొరసానమ్మ

నేను ఐదో క్లాసు రెండుసార్లు చదివినాను; మూడోసారి వద్దని అయ్యవారే బతిమాలి ఇంటికి పంపించినాడు. అట్లాంటి నన్ను చర్చివాళ్లు ఒకరోజు ఇంగ్లీషు తర్జుమా చేయమన్నారు. తర్జుమా చేసే పాస్టరుకు జ్వరం, చర్చి వ్యాను తోలేది నేను.

వాళ్లతో పొత్తున్న విదేశీ చర్చి నుంచి ఒక దొరసానమ్మ కె.జి.ఎఫ్.కు వచ్చింది. బంగారుగని మూసేస్తారని ఊరంతా దిగులుగా ఉన్న కాలం. ప్రతి ఇంట్లో జనం దీవించమని తల వంచితే, ఆమె వాళ్ల చెయ్యి పట్టుకొని తన తలమీదే పెట్టుకునేది. ఇదేం చోద్యమో నాకు అంతుపట్టలేదు.

ఒక అవ్వ కొడుకుది గనిలో పని. "వాడి పని పోకుండా దీవించమని చెప్పప్పా" అనింది నాతో.

పొడుగు మనిషి దొరసానమ్మ, అవ్వ చెయ్యి అందాలని నేలమీద మోకాళ్లూనింది. "మా ఊరి బొగ్గుగని మూసేసినారు. మీరే మాకోసం ప్రార్థన చేయండి" అనింది. వచ్చినకాడికి తెలుగులో చెప్పినాను. అవ్వ ఆమె తలమీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని, మాకని పెట్టిన కాఫీ చల్లారేదాకా ప్రార్థన చేసింది.

మరుసటి దినం అవ్వను ఉడికించినాను: "దీవెన తీసుకోవాల్సింది పోయి ఇచ్చి పంపినావే, నష్టం కదా అవ్వా?"

"యాడప్పా నష్టం? గని మూసేసిన ఊర్లోంచి ఆయమ్మ విమానమెక్కి మా ఇంటికి వచ్చింది. ఇంగ నా కొడుక్కు మాత్రం కూడు పుట్టదా?"