తొమ్మిదో దారి కాగితం

గున్‌వోర్ కొండ ప్రయాణం ఏటా అక్టోబరులో మొదలై, క్రిస్మస్ లోపే ఆమె వంటింట్లోనే ముగిసిపోయేది. బడిలో మూడు వందల మంది పిల్లలకు వండి ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద పటం పరిచేది. మార్చిలో పదహారు రోజులు, ఒక కొండ గుడిసె నుంచి ఇంకో గుడిసెకు, వీపున సంచీతో, మంచు మీద జారే స్కీల మీద ఎలా పోవాలో లెక్కలు వేసేది. మార్చిలోనూ అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. ఎండబెట్టిన మాంసం, ఓట్స్, కాఫీ పొడి చిన్న సంచుల్లో కట్టి వంటింటి త్రాసు మీద పెట్టి, బరువు ఎక్కువైతే చెంచాతో తీసేసేది. పళ్లు తోముకునే బ్రష్షు పిడిని కూడా సగానికి కోసేసింది. మోయాల్సింది ఆమె వీపే కాబట్టి ఇందులో నవ్వడానికేమీ లేదు. అయినా ఆమె మొగుడు సిక్స్‌టెన్ నవ్వేవాడు.

సిక్స్‌టెన్ రైలుపట్టాల మరమ్మతు పని చేసి రిటైరయిన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇద్దరూ కలిసే ఆ దారిన వెళ్లేవారు. ఆమెకు స్కీలు కట్టుకోవడం నేర్పింది కూడా అతనే. ఇరవై రెండు చలికాలాలు కొండ మీద గీత కూడా పడనివాడు, సొంత ఇంటి మెట్ల మీద మంచుకు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత చేతికి కర్ర వచ్చింది. నోరు మాత్రం ఎక్కడా విరగలేదు.

మా ఊళ్లో చలికాలం కొండకు పోయేవాళ్లు ఎవరికైనా ఒక కాగితం ఇచ్చి వెళ్తారు. ఏ రాత్రి ఏ గుడిసెలో పడుకుంటారో, తిరిగొచ్చి ఏ రోజు ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో అందులో రాస్తారు. ఆ వేళకు ఫోన్ రాకపోతే, కాగితం తీసుకున్నవాళ్లు వెతికే దళానికి కబురు పెట్టాలి. కాగితం తీసుకునే దిక్కు లేకుండా బయల్దేరినవాడు క్షేమంగా తిరిగొచ్చినా సరే, జనం అతనితో చాలాకాలం సరిగ్గా మాట్లాడరు.

సిక్స్‌టెన్ ఆమె కాగితాన్ని చదివేవాడే గానీ తీసుకునేవాడు కాదు. అతను పడ్డాక ఆమె ఒంటరిగా పోదామనుకున్న మొదటి ఏడు, పొయ్యిలో పోసే నూనె ఒక లీటరు తక్కువైందన్నాడు. రెండో ఏడు, సరస్సులోంచి నీళ్లు బయటికి పారే చోట మంచు పలచగా ఉంటుంది, దాని మీదనుంచే గీత గీశావన్నాడు. మరో ఏడు, పొద్దు గుంకేలోపు ఆ గుడిసె చేరలేవన్నాడు. ఎనిమిదేళ్లు ఎనిమిది తప్పులు. అన్యాయం ఏమిటంటే, ప్రతి తప్పూ నిజమైనదే. ఆమె నోరు మూసుకుని దిద్దుకుని, మరుసటి అక్టోబరుకు మళ్లీ పటం పరిచేది.

తొమ్మిదో కాగితాన్ని అతను మూడుసార్లు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. చివరికి, నీకు దగ్గు ఇంకా తగ్గలేదు కదా అన్నాడు. ఆమె దగ్గి ఐదు నెలలైంది. పటంలో తప్పులు అయిపోయాయని, ఇక తనలోనే తప్పులు వెతుకుతాడని గున్‌వోర్‌కు అప్పుడు అర్థమైంది. ఈ వంటింట్లోనే, ఈ త్రాసు ముందే ముసలిదాన్నైపోతానని ఆమెకు నిజంగా భయమేసింది.

శనివారం ఎదురింటి హెన్నింగ్ దగ్గరికి వెళ్లింది. అతను వాళ్లతో రెండుసార్లు కొండకు వచ్చినవాడు, దారి తెలిసినవాడు. మొగుడు ఇంట్లో ఉండగా కాగితం పొరుగింటికి పట్టుకెళ్లడమంటే మా దగ్గర ఇంటి గుట్టు వీధిలో పెట్టుకోవడమే. ఆ సిగ్గు దిగమింగుకునే వెళ్లింది. హెన్నింగ్ కాఫీ పోశాడు. కాగితం వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"నేను తీసుకోలేను గున్‌వోర్. మాటిచ్చేశాను."

"ఎవరికి?"

"నీ మొగుడికే. తుంటి కుట్లు కూడా విప్పకముందే రెండు కర్రల మీద వచ్చాడు. నువ్వెప్పుడైనా కాగితం పట్టుకొస్తే తీసుకోవద్దన్నాడు. నా ముందు కూచుని ఏడ్చాడు. నన్నేం చెయ్యమంటావు?"

తను మొదటి కాగితం రాయకముందే తలుపు గడియ పడిపోయిందన్నమాట. ఎనిమిదేళ్లు నూనె లీటర్లూ మంచు మందమూ లెక్కబెట్టుకుంటూ కూచుంది పిచ్చిది. వీధి దాటేటప్పుడు అతని చేతికర్ర విరిచి పొయ్యిలో పెట్టాలనిపించిందట. నేనైతే తప్పు పట్టను.

సిక్స్‌టెన్ బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆమె కాగితం తీసుకెళ్లి ఆ తొక్కల మీదే పెట్టింది.

"హెన్నింగ్ చెప్పాడు," అంది.

అతని చేతిలో చాకు ఆగిపోయింది. "కొండకి రాలేకపోయాను, సరే, దానికి సర్దుకుపోయాను. కానీ పదహారు రోజులు ఈ కిటికీ దగ్గర కూచుని, గాలి వీచినప్పుడల్లా అది నీ మీదే వీస్తోందనుకుంటూ బతకడం నా వల్ల కాదు."

"ఇన్నేళ్లూ నేనూ ఇక్కడే కూచున్నాను కదా. నా వల్ల అయిందనుకున్నావా?"

అతను ఇంకో దుంప అందుకున్నాడు.

"మార్చి రెండున బస్సెక్కుతున్నాను," అంది ఆమె. "కాగితం నీ ముందుంది. నా ఫోన్ రాకపోతే వాళ్లకి చెప్తావో మానేస్తావో నీ ఇష్టం."

సిక్స్‌టెన్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పెన్సిల్ తీసి ఏదో కొట్టేశాడు. మళ్లీ తప్పు దొరికిందనుకుని ఆమె పళ్లు బిగించి వంగి చూసింది. చివరి వరుసలో, ఫోన్ చేసే వేళ మార్చి పదిహేడు, సాయంత్రం ఆరు అని ఉన్నచోట సాయంత్రం ఆరు కొట్టేసి, పైన మధ్యాహ్నం పన్నెండు అని రాశాడు.

"సాయంత్రం దాకా ఆగలేను," అన్నాడు, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ. "మధ్యాహ్నానికే వాళ్లకి ఫోన్ చేసేస్తా. ఆలోపే వచ్చెయ్యి."