ఇత్తడి బిందెలో చింతపిక్క

పర్మనెంటు కాబోతున్న ఉద్యోగాన్ని ఒకే ఒక్క చింతపిక్కతో ఊడగొట్టుకున్న ఘనుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను. జాలిపడక్కర్లేదు, హాయిగా నవ్వుకోండి.

డెబ్బైల మొదట్లో మాట. తెనాలి నుంచి బాపట్ల వచ్చి ఆరోగ్య సర్వేలో టెంపరరీగా చేరాను. సర్వే బాగా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. పిట్టలవానిపాలెం దగ్గర ఒక ఊళ్లో మగవాళ్లను సారా తాగుతారా అని అడగాలి. నేను మహా తెలివిగా వీధరుగు మీద కూర్చుని, వాళ్ల తల్లీ పెళ్లామూ పక్కనే ఉండగా, గొంతెత్తి అడిగాను.

"అబ్బే! మా ఇంటా వంటా లేదండి," అన్నాడు మొదటి ఇంటాయన వెంకటేశ్వర్లు. ఆ మాటతోపాటు వచ్చిన వాసనకి నాకు కళ్లు తిరిగాయి. అయినా "లేదు" అనే రాసుకున్నాను. ఊరంతా అదే జవాబు.

కాగితాలు చూసి మా ఆఫీసరుగారు మండిపడ్డారు. సారా మానమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మనిషాయన.

"అందరూ ఋషులేనటయ్యా? మరి ఆ సారా కొట్టు ఎవరికోసం, గేదెలకా?"

"నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడుతున్నారండి."

"అయితే రహస్యంగా అడుగు. ఎల్లుండి నేనే వస్తా. ఈసారీ ఇంతేనంటే నీకిక సెలవు."

చీటీలు రాయమందామంటే సగంమందికి చదువు రాదు. ఆలోచించి ఆలోచించి, వెంకటేశ్వర్లు తల్లి మంగమ్మగారి ఇత్తడి బిందె అడిగి గదిలో పెట్టించాను. మనిషికో చింతపిక్క, ఒక బియ్యపు గింజ. ఒక్కొక్కరే వెళ్లి, తలుపేసుకుని, తాగేవాళ్లు పిక్క, తాగనివాళ్లు బియ్యం బిందెలో వెయ్యాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఊరంతా అరుగు ముందు చేరింది. ఎవరూ కదలరు.

"భయమెందుకు? ముందు నేను వేసి చూపిస్తా," అన్నారు ఆఫీసరుగారు. గుమ్మంలో ఆగి నా చెవిలో, "నిజంగా ఎవరికీ తెలియదుగా?" అన్నారు.

"దేవుడిక్కూడా తెలియదండి!"

తలుపు పడింది.

ఠంగ్! ఠణ ఠణ ఠణ...

"అయ్యో నాయనా!" అంది మంగమ్మగారు. "అంత ఉద్యోగం చేస్తా మీకూ ఇదేం అలవాటండీ?"

ఆ తర్వాత వెళ్లినవాళ్లంతా బియ్యమే వేశారు. బిందె మళ్లీ నోరెత్తితే ఒట్టు. సాయంత్రం బోర్లిస్తే కాసిని బియ్యపు గింజలు, ఒక్క చింతపిక్క. ఉన్నదున్నట్టు రాసి పంపాను: "తాగేవారు, ఒకరు."

మర్నాడే నన్ను తెనాలి రైలెక్కించారు. నిజం చెప్పొద్దూ, నిడుబ్రోలు దాకా ఏడ్చాను.

ఇప్పుడు డాక్టరుగారు మా ఆవిడ ఎదుట "చుట్ట కాలుస్తారా?" అంటే నేనూ "అబ్బే! మా ఇంటా వంటా లేదండి" అంటాను. ఇక నిడుబ్రోలు స్టేషన్ దాటుతుండగా కళ్లు తుడుచుకుని చేసిన ప్రతిజ్ఞ మాత్రం నేటికీ తప్పలేదు: మట్టికుండ తెచ్చి, అడుగున మెత్తటి గుడ్డ పరవకుండా ఈ జన్మలో ఎవరినీ నిజం అడగను.