కోడలి కుర్చీలో అత్త

పెద్దారవీడు దగ్గర ఒక ఊళ్ళో, చర్చి పక్కన రేకుల షెడ్డులో, పని లేనివాళ్ళకు పని నేర్పించే ఉద్యోగం నాకు దొరికింది. ఎమ్మే చదివి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి నా అర్హతను ఎవరూ శంకించలేదు. డబ్బు ఏదో దూరపు కంపెనీ సేవానిధిది. ఆడవాళ్ళకు కుట్టు నేర్పడానికి మార్కాపురం నుంచి ఒక టీచరమ్మ వచ్చేది. ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో నేను చెప్పేవాణ్ణి. నేను వెళ్ళిన ఇంటర్వ్యూలన్నీ గుర్తున్నాయి కనుక, ఎలా మాట్లాడకూడదో ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

చివర్లో పరీక్ష. పాసైతే సర్టిఫికెట్టుతో పాటు కుట్టుమిషను ఇస్తారు. ఆ మిషను కోసమే చేరింది ఒకమ్మాయి. పొలంలో బోరు ఎండిపోయాక, ఇద్దరు పిల్లల్ని అత్త దగ్గర వదిలి, ఏటా గుంటూరు వైపు మిరపకోతలకు పోతోంది. “ఇంట్లో మిషనుంటే ఇంక ఊరు దాటే పన్లేదు సార్” అంది చేరిన రోజు.

కోర్సు సగంలో ఉండగానే, కోతలకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి వచ్చింది. ఇంట్లో బియ్యం పరీక్ష దాకా ఆగేలా లేవు. ఆమె బండెక్కింది. మర్నాడు ఆమె కుర్చీలో అత్త కూర్చుని ఉంది.

“ఏందమ్మా ఇది?”

“కోడలు కూలికి పోయింది నాయనా. బదులొచ్చినా.”

మా వైపు అది మామూలే. కలుపుకైనా, చెరువు పనికైనా, ఇంట్లో ఒకరికి వీలుకాకపోతే ఇంకొకరు పోతారు. మోసమని ఎవరూ అనుకోరు. అయినా పై ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. “రోజూ పంపే ఫోటోలో కుర్చీ ఖాళీగా కనిపిస్తే నిధులు ఆగిపోతాయి. ఎవరో ఒకర్ని కూర్చోనివ్వండి” అన్నారు. ఒక ఆఫీసు అంత త్వరగా నిర్ణయం తీసుకోవడం నేను అప్పుడే చూశాను.

మొదట్లో మిషను కదిలితే అత్త ఉలిక్కిపడేది. టీచరమ్మ కేకలేస్తే, “నా కోడల్ని గూడా నేను ఇన్ని మాటలన్లేదు తల్లీ” అనేది. కానీ మానలేదు. పరీక్ష నాటికి జాకెట్టు కుట్టడం వచ్చేసింది.

ఆ రోజుకు కోడలు రాలేకపోయింది. మధ్యలో పోతే చేసిన పనికి కూలి ఇవ్వనన్నాడట మేస్త్రీ. అత్తే వచ్చి కుట్టింది. పరీక్ష పెట్టడానికి ఒంగోలు నుంచి వచ్చినాయన జాకెట్టు మెడ, చేతులు తిప్పి చూసి “బ్రహ్మాండం” అన్నాడు. తర్వాత గుర్తింపు కార్డు మీద ఫోటో చూశాడు.

“ఇది మీరేనా అమ్మా?”

“నేను కాదు నాయనా, మా కోడలు. నా కంటే తెలుపు.”

“మరి మీరెందుకు కుట్టారు?”

“ఎవురు కుడితే ఏంది? మిషనొచ్చేది మా ఇంటికే గదా. నేను కుడతా, ఆ పిల్ల బిడ్డల కాడ ఉంటది.”

ఆయన మంచివాడు. పోనీ ఈమె పేరు మీదే పాస్ చేద్దామని వయసు అడిగాడు. యాభై అయిదో ఆరో అంది. నలభై అయిదు దాటితే కుదరదట. నేను బతిమాలాను. ఇంటర్వ్యూల్లో నాకు అలవాటైన ఫలితమే వచ్చింది. కోడలు గైర్హాజరు, అత్తకు వయసు మీరింది. మిషన్ను తెచ్చిన బండిలోనే వెనక్కి పంపారు.

సాయంత్రం కోడలు ఫోన్ చేసింది. అత్త ఆ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. “నువ్వే చెప్పు నాయనా. మాట్లాడేది నేర్పేటోడివి.”

“మిషనొచ్చిందా సార్? కిటికీ కాడ ఎలుతురుంటది. ఆడ పెట్టమనండి.”

చెప్పాను. అవతల మేస్త్రీ ఎవరినో తొందరపెడుతూ అరుస్తున్నాడు. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“అయితే అత్త ఖాళీయే గదా సార్. ఈడ మనుషులు చాల్లేదంట. పిల్లల్ని తీసుకొని రేపటి బండికి వచ్చెయ్యమనండి.”

మర్నాడు వాళ్ళ మూటలు బండిలోకి అందించాను. పిల్లలు బడి చొక్కాలతోనే ఎక్కారు.

మా శిక్షణ కేంద్రం నుంచి ఎందరు పనిలో చేరారని నెలాఖరున పై ఆఫీసు వాళ్ళు అడిగారు. ఒకరని చెప్పాను.